పోలింగ్ శాతం ఎక్కువైతే ఊరు చీలినట్టేనా? 2024 లెక్కలతో ఒక జవాబు

ప్రశ్న సారాంశం ఇదీ: "మాది ప్రకాశం జిల్లా. 2024లో మా ఒంగోలు పార్లమెంటు పరిధిలో పోలింగ్ 87 శాతం దాటింది. జనం కసితో వచ్చి ఓటేశారు, అందుకే ప్రభుత్వం పోయిందని ఒక వర్గం అంటుంది. సాయంత్రం తర్వాత అంత శాతం ఎలా పెరిగిందని ఇంకో వర్గం అడుగుతుంది. ఊళ్ళో ఇప్పటికీ ఆ రెండు వర్గాలకూ మాటల్లేవు. ఎక్కువ పోలింగ్‌కీ ఈ చీలికకీ సంబంధం ఉందా? లెక్కలతో చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?"

ముందు సూటిగా జవాబు. సంబంధం ఉంది గానీ మీవాళ్ళు అనుకుంటున్న దిశలో లేదు. ఎక్కువ పోలింగ్ వల్ల ఊరు చీలదు. ఊరు ముందే రెండు శిబిరాలుగా ఉంటే పోలింగ్ పెరుగుతుంది. ఎందుకంటే రెండు పక్షాలూ ఇంటింటికీ తిరిగి, ఆటోలు పెట్టి, హైదరాబాద్, బెంగళూరు నుంచి కూడా మనుషుల్ని రప్పించి ఓటు వేయిస్తాయి. ఇక ఆ శాతాన్ని బట్టి ప్రభుత్వం ఉంటుందా పోతుందా అని చెప్పడం కుదరదు. రిగ్గింగ్ జరిగిందని కూడా దాని మీద తేల్చలేం. చీలికను లెక్కలో చూడాలంటే శాతం పక్కన పెట్టి, బూత్‌వారీ ఫలితాలుండే ఫారం 20 తియ్యాలి.

మొదట "కసి ఓటు" సంగతి. పోలింగ్ పెరిగితే అధికార పక్షానికి దెబ్బ అనేది మన దగ్గర పాత నమ్మకం. లోక్‌సభ ఎన్నికలు వరసగా పెట్టి చూడండి. 1977లో పోలింగ్ 55 నుంచి 60 శాతానికి పెరిగింది, ప్రభుత్వం పోయింది. 1980లో 57కి తగ్గింది, అప్పుడూ ప్రభుత్వం పోయింది. 1984లో 63 దాటింది, అధికార పార్టీ 400 సీట్లు దాటి గెలిచింది. 2014లో 58 నుంచి 66కి ఎగబాకింది, ప్రభుత్వం మారింది. 2019లో ఇంకో శాతం పెరిగి 67.40 అయింది, ఉన్న ప్రభుత్వమే మరిన్ని సీట్లతో తిరిగొచ్చింది. 2024లో కేంద్రాల్లో పడిన ఓట్ల లెక్కన 65.79కి తగ్గింది, అధికార పార్టీ సొంత మెజారిటీ పోగొట్టుకుని 240 దగ్గర ఆగింది, కూటమితో ప్రభుత్వం నిలబెట్టుకుంది. ఇందులోంచి సూత్రం తీయగలిగితే జాతకం కూడా చెప్పొచ్చు.

మన రాష్ట్రం లెక్క ఇంకా బాగుంటుంది. 2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో ఓటర్లు 4,13,33,702. కేంద్రాల్లో ఓటేసినవాళ్ళు 3,33,40,560. అంటే 80.66 శాతం. పోస్టల్ బ్యాలెట్లు మరో 1.2 శాతం కలిపితే 81.86. టీవీల్లో ఒకచోట 80.66, ఇంకోచోట 81.86 కనిపించి గొడవైంది ఇందుకే. రెండూ సరైనవే.

ఇప్పుడు 2019 పక్కన పెట్టండి. అప్పుడు ఓటర్లు 3.93 కోట్లు, పోలింగ్ 80 శాతానికి కాస్త అటూ ఇటూ. ఐదేళ్ళలో జాబితా నికరంగా 20 లక్షలు పెరిగింది, ఓటేసినవాళ్ళూ దాదాపు 20 లక్షలే పెరిగారు. ఓటు వెయ్యనివాళ్ళ సంఖ్య చూస్తే అప్పుడూ ఇప్పుడూ 80 లక్షల దరిదాపులోనే ఉంది. "ఎన్నడూ గడప దాటనివాళ్ళు కూడా కదిలొచ్చి దించేశారు" అనే కథకు ఈ అంకెల్లో ఆధారం దొరకదు. (నికర లెక్క వెనుక తీసేసిన పేర్లు, కొత్తగా చేర్చిన పేర్లు దాగి ఉంటాయి. కాబట్టి పాత గైర్హాజరీలే ఇప్పటి గైర్హాజరీలు అని కూడా అనుకోవద్దు.)

మరి ఏం మారింది? ఓటు పడిన వైపు మారింది. వైఎస్సార్ కాంగ్రెస్‌కు 2019లో 49.95 శాతం, 2024లో 39.37. సీట్లు 151 నుంచి 11కి. అటువైపు తెలుగుదేశం, జనసేన, బీజేపీ 2019లో విడివిడిగా తెచ్చుకున్నవి కూడితే 45.5 శాతం, 2024లో కలిసి పోటీ చేసి తెచ్చుకున్నవి 55.3. పది శాతం ఓటు అటు నుంచి ఇటు జరిగితే 140 సీట్లు ఎగిరిపోయాయి. సీట్లు చూసి "ఊళ్ళో వాళ్ళ పని అయిపోయింది" అనుకునేవాళ్ళు ఇక్కడే పొరబడతారు. 11 సీట్ల పార్టీ వెనుక కోటీ 32 లక్షల ఓట్లున్నాయి. ఊళ్ళో ప్రతి ఐదుగురిలో ఇద్దరు ఓడిన పక్షమే అయినప్పుడు, గెలిచిన పక్షం ఊరంతా తమదే అన్నట్టు నడుచుకుంటే మాటలు ఎలా ఉంటాయి?

ఇంకో మాట. మహిళలు 1.69 కోట్లు, పురుషులు 1.64 కోట్లు ఓటేశారని చూపించి "ఆడవాళ్ళే తీర్పు మార్చారు" అని చాలామంది రాశారు. జాబితాలోనే మహిళలు ఎక్కువ. ఎవరు ఎక్కువమంది వేశారన్నదాన్ని బట్టి ఎవరికి వేశారో తెలీదు.

ఇక రెండో వర్గం అడిగే సాయంత్రం ప్రశ్న. ఇది కొట్టిపారేసేది కాదు, వివరంగా చెప్పాల్సిందే.

పోలింగ్ రోజు రెండు గంటలకోసారి టీవీలో వచ్చేది లెక్కపెట్టిన సంఖ్య కాదు, అంచనా. 2024లో బూత్ బాధ్యుడైన ప్రిసైడింగ్ అధికారి ఫోన్లో చెప్పింది, కొన్ని బూత్‌లను చూసుకునే సెక్టోరల్ ఆఫీసరు రాసుకునేవాడు, అది అసెంబ్లీ స్థాయిలో కూడి యాప్‌లో ఎక్కించేవారు. కొన్ని బూత్‌ల నుంచి సమాచారం రాకపోతే పాత గంట అంకెతోనే సరిపెట్టేవారు. అందుకే సాయంత్రం 5 గంటల అంకె ఎప్పుడూ వెనకబడే ఉండేది. ఆ రోజు రాష్ట్రంలో 5 గంటలకు సుమారు 68 శాతం చూపించింది.

ఇప్పుడు చిన్న లెక్క కట్టండి. బూత్‌లో 1,000 మంది ఓటర్లు, మీ దగ్గరలాగా 87 శాతం పోలింగ్. ఉదయం 7 నుంచి సాయంత్రం 6 వరకు 660 నిమిషాలు. 870 మంది అంటే మనిషికి 45 సెకన్లు. అందులోనే పేరు వెతకాలి, ఓటేసేవాళ్ళ పేర్లు నమోదయ్యే 17ఎ రిజిస్టరులో సంతకం, వేలికి సిరా, తర్వాత అసెంబ్లీకి ఒక మిషను, పార్లమెంటుకు ఒక మిషను. వీవీప్యాట్‌లో (ఓటు ఎవరికి పడిందో చూపే యంత్రం) చీటీ ప్రతి ఓటుకూ 7 సెకన్లు కనిపిస్తుంది, రెండు ఓట్లకు 14 సెకన్లు అక్కడే పోతాయి. మధ్యాహ్నం ఎండకు జనం రాకపోతే, ఉదయం మిషను అరగంట మొరాయిస్తే, చివర్లో క్యూ మిగలడం ఖాయం. 6 గంటలకు ఆవరణలో ఉన్నవాళ్ళకు ప్రిసైడింగ్ అధికారి సంతకం చేసిన చీటీలు పంచుతారు. చివర నిలబడ్డ మనిషికి ఒకటో నంబరు, అక్కణ్ణుంచి ముందుకు. అలా ఇస్తే తర్వాత వచ్చినవాడు వెనక చేరలేడు. ఆ రోజు రాష్ట్రంలో 46,389 కేంద్రాలుంటే సుమారు 3,500 కేంద్రాల్లో 6 తర్వాత కూడా పోలింగ్ నడిచింది, కొన్నిచోట్ల అర్ధరాత్రి దాటి 2 గంటలదాకా.

అయితే ఎన్నికల సంఘం వైపు తప్పు లేదని కాదు. 2024 మొదటి విడత ఏప్రిల్ 19న జరిగితే తుది శాతం ఏప్రిల్ 30న ఇచ్చారు. రెండో విడతలో పోలింగ్ రాత్రి చెప్పింది 61 శాతం, తుది అంకె 66.71. అదీ శాతాలే, ఎంతమంది అన్న సంఖ్య లేదు. ఈ సంఖ్యల కోసం వేసిన పిటిషన్ మీద సుప్రీంకోర్టు మే 24న ఆదేశాలేవీ ఇవ్వలేదు. మర్నాడు సంఘమే ఐదు విడతల ఓట్ల సంఖ్యలు బయటపెట్టింది. పదకొండు రోజులు ఖాళీ వదిలితే ఆ ఖాళీని వాట్సాప్ నింపుతుంది. అనుమానం పుట్టడానికి సగం కారణం ఈ ఆలస్యమే అని నా అభిప్రాయం.

అనుమానం తీర్చుకోవాలంటే ఫారం 17సి. పోలింగ్ ముగిశాక ప్రిసైడింగ్ అధికారి దీన్ని నింపి, హాజరున్న ప్రతి ఏజెంటుకూ ధ్రువీకరించిన కాపీ ఇవ్వాలి. ఆ బూత్‌కు కేటాయించిన ఓటర్లు, 17ఎలో నమోదైనవాళ్ళు, సంతకం చేసి కూడా ఓటు వద్దన్నవాళ్ళు, నిబంధన మీరినందుకు ఓటు వెయ్యనివ్వనివాళ్ళు, మిషనులో పడిన మొత్తం ఓట్లు, టెండర్ ఓట్లు (తన పేరు మీద ముందే ఎవరో వేసేస్తే అసలు ఓటరు కాగితం మీద వేసేవి), కంట్రోల్ యూనిట్ నంబరు, సీళ్ళ నంబర్లు అన్నీ అందులో ఉంటాయి. మీ ఊళ్ళో బూత్ ఏజెంట్లుగా కూర్చున్న రెండు పక్షాలవాళ్ళ దగ్గరా ఈ కాగితం ఉండాలి. ఇద్దరి కాపీలూ ఒకచోట పెట్టి, మొత్తం ఓట్ల అంకెను ఫారం 20లో అదే బూత్ మొత్తంతో పోల్చండి. సరిపోతే రాత్రికి రాత్రి ఓట్లు చేరాయన్న మాటకు మీ బూత్ వరకు తెరపడినట్టే.

సరిపోకపోతే వెంటనే కేకలు వెయ్యొద్దు. ఎక్కువసార్లు కారణం ఇది: ఉదయం మాక్ పోల్‌లో కనీసం 50 ఓట్లు వేసి చూస్తారు, వాటిని చెరిపెయ్యడం మరిచిపోతే ఆ యాభై అసలు ఓట్లలో కలుస్తాయి. 2024 నాటి నిబంధన ప్రకారం అలాంటి మిషనును లెక్కింపులో పక్కన పెట్టేవారు. గెలుపు తేడా అలా పక్కన పెట్టిన మిషన్ల ఓట్లకంటే ఎక్కువైతే వాటిని లెక్కించేవారు కాదు, తక్కువైతే వీవీప్యాట్ చీటీలు లెక్కించేవారు. ఏజెంటు సాయంత్రం భోజనానికి వెళ్ళి 17సి తీసుకోకుండా ఇంటికి పోవడం ఇంకో మామూలు లోపం. ఏడాది తర్వాత ఆ కాగితం ఎక్కడా దొరకదు.

శాతం గురించి చివరిగా, కింది సంఖ్య. భిన్నంలో పైన ఓట్లు, కింద జాబితా. జాబితాలో చనిపోయినవాళ్ళు, ఊరు విడిచినవాళ్ళు, రెండుచోట్ల పేరున్నవాళ్ళు ఎక్కువుంటే శాతం పడిపోతుంది. అదే రోజు పోలింగ్ జరిగిన తెలంగాణలో భువనగిరి 76 శాతం దాటితే హైదరాబాద్ 48.48 దగ్గర ఆగింది. అది మొత్తం నగరవాసి బద్ధకం కాదు. రెండుచోట్లా పేరున్నవాడు ఆ రోజు విజయవాడ హైవే ఎక్కితే మీ శాతం పెరుగుతుంది, హైదరాబాద్ శాతం తగ్గుతుంది. జాబితా శుభ్రం చేస్తే ఏమవుతుందో 2025 బిహార్ చూపించింది. ప్రత్యేక సమగ్ర సవరణకు ముందు 7.89 కోట్లున్న జాబితా తర్వాత 7.45 కోట్ల దగ్గరకు దిగింది. నవంబరు అసెంబ్లీ ఎన్నికల్లో పోలింగ్ 66.91 శాతమని ప్రకటించారు, 2020లో అది 57 పైచిలుకు. పడిన ఓట్లను పాత 7.89 కోట్లతో భాగిస్తే 63 వస్తుంది. అంటే పెరిగిన తొమ్మిదిన్నరలో మూడున్నరకు పైగా జాబితా కుంచించుకోవడం వల్లే, మిగతా ఆరు నిజంగా జనం రావడం వల్ల. తీసేసిన పేర్లన్నీ తియ్యాల్సినవేనా అనేది వేరే పెద్ద చర్చ. అమెరికాలో ఉన్న మీ బంధువులు 2020లో అక్కడ 66 శాతమని చెబితే, అది ఓటుహక్కు అర్హత ఉన్న జనాభా మొత్తం మీద లెక్క, నమోదైన జాబితా మీద కాదు. మన 65తో పక్కపక్కన పెట్టకూడదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. చీలిక.

ఈ మాట కింద మూడు వేరువేరు సంగతులు కలిసిపోయి ఉంటాయి. ఓట్లు రెండు పక్షాలకే పోవడం ఒకటి. ఒక వీధి ఒక పక్షం, ఇంకో వీధి ఇంకో పక్షం కావడం రెండు. ఎదుటి పార్టీవాడి ఇంట్లో పెళ్ళికి వెళ్ళకపోవడం మూడు. మొదటిది ఉన్నంతమాత్రాన మూడోది ఉండాలని లేదు.

మొదటిది కొలవడం తేలిక. ప్రతి పక్షం ఓటు వాటాను దశాంశంలో రాసి, దాన్ని దానితోనే గుణించి, అన్నీ కూడి, ఒకటిని ఆ మొత్తంతో భాగించండి. వచ్చేది "లెక్కలోకి వచ్చే పక్షాల సంఖ్య". 2024 ఆంధ్ర అసెంబ్లీకి కూటమిని ఒకే పక్షంగా తీసుకుంటే 0.553, 0.394. వర్గాలు 0.306, 0.155. కూడితే 0.461, భాగిస్తే 2.17. పార్టీలను విడివిడిగా తీసుకుంటే 2.7 వస్తుంది. పొత్తును ఒకటిగా లెక్కించారా, విడిగా లెక్కించారా అన్నది చెప్పకుండా ఎవరైనా ఈ అంకె చూపిస్తే నమ్మకండి. ఊళ్ళో పొత్తు ఒకే జెండాల గుంపుగా తిరిగింది కాబట్టి 2.17 మీ అనుభవానికి దగ్గర. మూడో దారి దాదాపు లేదన్నమాట. తటస్థుడు అనేవాడికి ఊళ్ళో నిలబడే చోటు తగ్గడం ఇక్కడ మొదలవుతుంది.

రెండోది ఎక్కువ చెబుతుంది, దానికి ఫారం 20 కావాలి. రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారి వెబ్‌సైటులో నియోజకవర్గంవారీగా ఉంటుంది, చాలావరకు స్కాన్ చేసిన పేజీలు, చేత్తో ఎక్కించుకోవాలి. ఒక ఉదాహరణ ఊహించుకోండి. ఒక ఊళ్ళో రెండు బూత్‌లు. ఒకదానిలో 480, 100. రెండోదానిలో 110, 470. ఊరు మొత్తం 590, 570, హోరాహోరీ. పక్క ఊళ్ళో రెండు బూత్‌లూ 295, 285. ఊరు మొత్తం అదే 590, 570. పోలింగ్ శాతం రెండు ఊళ్ళలోనూ ఒకటే అనుకోండి. శాతం, మెజారిటీ రెండూ ఒకేలా ఉన్నా మొదటి ఊరు గీత గీసినట్టు విడిపోయింది, రెండో ఊళ్ళో ప్రతి వీధిలోనూ రెండు పక్షాలవాళ్ళూ పక్కపక్కనే ఉన్నారు. మీ మండలంలో బూత్‌లన్నిటికీ రెండు పక్షాల తేడాను శాతంలో రాసి, 40 శాతం దాటిన బూత్‌లలో మొత్తం ఓట్లలో ఎంత వంతు ఉందో చూడండి. బూత్‌లు లెక్కపెట్టొద్దు, ఓట్లు లెక్కపెట్టండి, చిన్న బూత్‌లు లెక్కను వక్రం చేస్తాయి.

ఒక్క ఎన్నికతో ఏదీ తేల్చకండి. మన ఊళ్ళలో వీధులే కులాలవారీగా ఉంటాయి, కాలనీ ఒక బూత్, అసలు ఊరు ఒక బూత్. అది నివాసం గీసిన గీత, ఈ ఎన్నిక గీసింది కాకపోవచ్చు. 2014, 2019, 2024 మూడూ పెట్టి గీత లోతు పెరిగిందా అని చూడాలి. ఇక్కడ తప్పులు జరిగే చోట్లు: బూత్ నంబరు అదే ఉన్నా పరిధి మారి ఉండొచ్చు. ఓటర్లు పెరిగితే అదే నంబరుకు 'ఎ' తగిలించి అదనపు బూత్ పెడతారు, ఆ రెంటినీ కలిపి చూడాలి. 2025 నుంచి ఒక బూత్‌కు గరిష్ఠం 1,200 మందికి దించారు కాబట్టి వచ్చే ఎన్నికల నాటికి చాలాచోట్ల నంబర్లు కదులుతాయి. సరిచూడటానికి దారి ఓటరు జాబితా మొదటి పేజీలో ఉండే సెక్షన్ల పేర్లే. పోస్టల్ ఓట్లకు బూత్ ఉండదు, వాటిని వదిలెయ్యండి.

ఈ ఫారం 20 రెండంచుల కత్తి అని కూడా చెప్పాలి. కాగితపు బ్యాలెట్ల రోజుల్లో బూత్‌ల పెట్టెలు కలిపేసి లెక్కించే వీలుండేది. ఈవీఎం వచ్చాక ఏ వీధి ఎటు వేసిందో అందరికీ తెలిసిపోతోంది. "మీ కాలనీలో మాకు నలభై పడ్డాయి" అని పేర్లతో సహా లెక్కతేల్చేది ఈ కాగితం పట్టుకునే. 14 బూత్‌ల ఓట్లు కలిపి చూపే టోటలైజర్ మిషను పెట్టాలని ఎన్నికల సంఘం 2008లోనే అడిగింది, 2015లో లా కమిషన్ 255వ నివేదిక కూడా సమర్థించింది, అమల్లోకి రాలేదు. మీ ఊరి లెక్క మీరు తీసినా, దాన్ని గ్రూపులో పెట్టకండి.

మూడోది, మాటల్లేకపోవడం, ఏ ఫారంలోనూ ఉండదు. ఓట్ల లెక్కతో అది కుదరదనడానికి 2024 మేలోనే సాక్ష్యం ఉంది. పల్నాడు, తాడిపత్రి, తిరుపతి గొడవలు పోలింగ్ రోజు, ఆ తర్వాతి రోజుల్లో జరిగాయి, లెక్కింపు జూన్ 4న. ఎవరు గెలిచారో తెలియకముందే కొట్టుకున్నారు. ఎన్నికల సంఘం పల్నాడు, అనంతపురం ఎస్పీలను సస్పెండ్ చేసింది, లెక్కింపు తర్వాత 15 రోజులు కేంద్ర బలగాలను ఉంచమంది. కానీ పోలింగ్ 90 శాతం దాటిన దర్శి ఆ వార్తల్లో పల్నాడులా మోగలేదు, రాష్ట్రంలోనే అతి తక్కువగా 63 శాతం పడిన తిరుపతి మోగింది.

దాన్ని తెలుసుకోవాలంటే మనుషుల్ని అడగడమే. అడిగేటప్పుడు "ఎవరికి వేశారు" అని మొదలుపెడితే పని చెడుతుంది. గత ఏడాదిలో ఎదుటి పక్షంవాళ్ళ ఇంటి శుభకార్యానికి వెళ్ళారా, అప్పు ఇచ్చిపుచ్చుకున్నారా, కౌలు మార్చారా, పాలకేంద్రం మార్చారా అని జరిగిన పనుల గురించి అడగండి. ఎన్నికకు ముందు ఏడాదికి కూడా అవే ప్రశ్నలు వెయ్యండి. అప్పటికీ వెళ్ళనివాళ్ళయితే కారణం 2024 కాదు, పాత పొలం తగాదానో పంచాయతీ ఎన్నికో అయ్యుంటుంది. ఇంటికొకరిని, అందులో సగం ఆడవాళ్ళను, ఊళ్ళో అందరికీ తెలిసిన పార్టీ మనిషి కాని వ్యక్తి చేత అడిగించండి.